అల్లుడి అల్లిక

డిపోలో అతన్ని అందరూ తుఫాను అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. ఇరవై ఏళ్ళకు పైగా సిటీ బస్సు నడిపిన మనిషి. అరగంట ఆలస్యంగా బయల్దేరిన బండిని కూడా చివరి స్టాపుకి వేళకి చేర్చేవాడు. ఎక్కిన ప్రయాణికులు పైకడ్డీలు పట్టుకుని వేలాడుతూ తిట్టుకునేవారు, మర్నాడు మళ్ళీ ఆ బండి కోసమే కాచుకునేవారు. అంత వేగంలోనూ బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదని అతనికి లోలోపల గర్వం.

తెల్లారకముందే ఇల్లు వదిలి పొద్దుగూకాక వచ్చేవాడు. ఇంటి వెనకాల ఒక పెరడుందని అతనికి తెలుసు, అంతే. పళ్ళు తోముకోవడానికి, తడి తువ్వాలు ఆరేసుకోవడానికి తప్ప అందులో అడుగుపెట్టింది లేదు. ఆ పెరడు అత్తగారిది.

మామగారు పోయాక ఆవిడ కూతురింటికి వచ్చేసింది. వచ్చి ఎనిమిదేళ్ళయినా అల్లుడితో ముఖాముఖి మాట్లాడింది లేదు. తగాదా ఏమీ లేదు, ఒట్టి మొహమాటం. "అల్లుడుగారు భోంచేస్తారేమో అడుగు" అని ఆవిడ తలుపు చాటునుంచి అంటే, "తర్వాత తింటానని చెప్పు" అని ఆ తలుపుకి ఇవతలే కూర్చుని అతననేవాడు. అతను ముందుగదిలోకి వస్తే ఆవిడ లేచి వెళ్ళిపోయేది. మధ్యలో నలిగిపోయేది అతని భార్య. మందుల షాపులో రోజంతా కౌంటరు దగ్గర నిలబడి వచ్చి, మళ్ళీ ఇంట్లో ఈ డ్యూటీ.

"ఈ ఇంటికి కండక్టర్ని నేను" అనేది నవ్వుతూ. "అటువాళ్ళ టికెట్టు ఇటు అందించాలి, ఇటువాళ్ళ చిల్లర అటు అందించాలి."

చలి మొదలైన రోజుల్లో, ఒక ఉదయం, మార్కెట్టు మలుపు దగ్గర తుఫాను ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. గేరు మీద పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది. ముందు తిమ్మిరనుకున్నాడు. వేళ్ళని రమ్మంటే రావడం లేదు. బండి నిండా జనం. కుడిచేత్తోనే స్టీరింగు తిప్పుకుంటూ, బ్రేకు మీద కాలు మెల్లగా నొక్కుకుంటూ, బస్సుని రోడ్డు పక్కకి తెచ్చి ఆపి ఇంజను కట్టేశాడు. వెనకనుంచి కండక్టరు వచ్చి, "ఏంటన్నా, ఇక్కడ స్టాపు లేదే! టీ కోసమా?" అన్నాడు. తుఫాను 'చెయ్యి' అనబోయాడు. నోట్లోంచి వచ్చింది మాట కాదు, ఏదో గొణుగుడు. కండక్టరు పరాచికం అనుకుని నవ్వబోయి, అతని మూతి ఒక పక్కకి జారడం చూసి గావుకేక పెట్టాడు.

వేళకి ఆస్పత్రికి చేర్చడంతో గండం గడిచింది. నెల తిరిగేసరికి మాట దాదాపుగా కుదుటపడింది, కాలు నిలదొక్కుకుంది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం మొండికేశాయి. వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక మెత్తని రబ్బరు బంతి ఇచ్చి, "రోజూ నొక్కుతూ ఉండండి సార్" అంది. పసిపిల్లలకి ఇచ్చినట్టు చేతిలో బంతి పెట్టేసరికి తుఫానుకి తల కొట్టేసినట్టయింది.

పొద్దున్నే భార్య షాపుకి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది ఇద్దరు. మధ్యలో కండక్టరు లేదు. గదిలో ఊపిరాడక తుఫాను ఒక కుర్చీ లాక్కుని పెరట్లో, మల్లెపందిరి కింద కూర్చోవడం మొదలుపెట్టాడు. పక్కింటి బాదం చెట్టు సగం వీళ్ళ గోడ మీదికే ఒరిగి ఉండేది. దాని ఆకులు ఎర్రబారి, ఒకటీ అరా రాలుతున్నాయి. అతను వాటిని చూడలేదు. బంతి నొక్కాడు, వేళ్ళు వంగలేదు. కోపం నషాళానికంటి బంతిని గోడకేసి కొట్టాడు. అది దొర్లుకుంటూ పోయి ఆకుల్లో కలిసిపోయింది.

సాయంత్రం ఆకులు ఊడుస్తూ అత్తగారు ఆ బంతిని తీసి, కొంగుతో తుడిచి, అతని పక్కనున్న స్టూలు మీద పెట్టి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ విసిరాడు. మళ్ళీ స్టూలు మీదికి వచ్చింది. కొన్నాళ్ళు ఇదే తంతు. ఒకరోజు చూసేసరికి స్టూలు మీద బంతి లేదు. నీలం రంగు ఊలు ఉండ ఉంది. దానికి ఒక కొక్కెం సూది గుచ్చి ఉంది.

"ఇదేంటి?" అన్నాడు, గాలినడిగినట్టు.

ఆవిడ చీపురు ఆపలేదు. "బంతి విసిరితే ఎటో పోతుంది. దీన్ని విసిరినా కొస మీ చేతిలోనే ఉంటుంది, లాక్కోవచ్చు. నాకు వంగే పని తప్పుతుంది."

అతనితో ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. తుఫాను సూదిని ఊలులోంచి లాగి అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను... నేను అల్లడమేంటండీ?"

"అల్లుడన్నాక అల్లాలి కదా" అంది ఆవిడ, ఆకుల మీంచి చూపు తిప్పకుండా. "మరి ఊరికే పెట్టారా ఆ పేరు?"

ముఖంలో నవ్వు లేదు, గొంతులో ఎగతాళి లేదు. అతనికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత నవ్వొచ్చింది. సగం మూతితో వచ్చిన వంకర నవ్వే, కానీ ఆస్పత్రినుంచి వచ్చాక నవ్వడం అదే. ఆవిడ గబగబా ఆకులు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి పాఠం మొదలైంది. ఆవిడ అతని చెయ్యి ముట్టుకోదు. అల్లంత దూరంలో, వెనక గుమ్మం మెట్టు మీద, తన ఊలు తను పట్టుకుని చేసి చూపిస్తుంది. అతను చూసి చెయ్యాలి. కుడిచేతిలో సూది సరిగ్గానే ఆడేది. ఎడమ చేతి చిటికెన వేలికి చుట్టిన దారమే జారిపోయేది.

"కుడిచేతిది పైపై పనే" అంది ఆవిడ. "అల్లికంతా పట్టుకున్న చేతిలోనే ఉంది. దారం ఎంత వదలాలో, ఎంత బిగించాలో దానికి తెలియాలి."

తెలియడానికి చాలా రోజులు పట్టింది. తెలిశాక వదలడం రాలేదు, బిగించడమే వచ్చింది. ఒక దారపు కన్నులోంచి ఇంకో కన్ను లాగుతూ గొలుసు అల్లేవాడు. ఆ గొలుసు కర్రలా బిగుసుకుపోయేది.

"టైరు బిగించినట్టు బిగించారు" అంది ఆవిడ దాన్ని వేలితో నొక్కి చూసి. "దారానికి కూడా కాస్త ఊపిరాడాలి."

వెనక్కి మళ్ళి రెండో వరస అల్లడం అతనికి కొరుకుడు పడలేదు. అందుకని ముందుకే అల్లుకుంటూ పోయాడు. గొలుసు పెరిగి పెరిగి ఒళ్ళో పట్టక బుట్టలోకి చేరింది, బుట్టలో చుట్టలు చుట్టుకుంది. "ఇది ఎక్కడిదాకా వెళ్తుందండీ?" అని ఒకనాడు అతనే అడిగాడు.

"వెళ్ళనివ్వండి. ఈ రూటులో మీకు తొందరేం లేదుగా."

ఈలోగా బాదం చెట్టు పూర్తిగా మోడయింది. మోడైన చెట్టు చాన్నాళ్ళు అలాగే ఉంటుందని తుఫాను అనుకున్నాడు. ఒక పొద్దున చూస్తే కొమ్మల చివర్లు ఉబ్బి ఉన్నాయి. సాయంత్రానికి అవి కాస్త విచ్చాయి. మర్నాటికి చిన్న చిన్న దీపాల్లా లేతాకులు నిటారుగా నిలబడ్డాయి. ఇన్నేళ్ళూ ఈ చెట్టు తన ఇంటి వెనకాల ఇంత సందడి చేస్తూ ఉందా అని అతనికి ఒకటే ఆశ్చర్యం. "ఏవండీ! ఒకసారి ఇలా రండి!" అని కేకేసేవాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అవునే! విచ్చుకుంది కదూ" అనేది. ఎనిమిదిసార్లు చూసిన ఆకుల్ని, ఆ సంగతి ఎక్కడా తెలియనివ్వకుండా, అతనితో పాటు తొమ్మిదోసారి కొత్తగా చూసేది.

ఒకరోజు చెప్పాపెట్టకుండా అతని బస్సు కండక్టరు వచ్చాడు. ముందుగదిలో అతని గొంతు వినగానే తుఫాను సూదీ ఊలూ తువ్వాలు కింద దాచేసి, కాలు మీద కాలేసుకుని, చెట్టు వంక చూస్తూ కూర్చున్నాడు. కండక్టరు వచ్చాడు, కుశలమడిగాడు, డిపో కబుర్లు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"అన్నా, నీ తువ్వాలుకి తోకొచ్చిందే!"

నీలం దారం తువ్వాలు కిందనుంచి బయల్దేరి, కుర్చీ కాలు చుట్టి, మల్లెపాదు దాకా పాకి ఉంది. కండక్టరు దాన్ని పట్టుకుని లాగాడు. సూదితో సహా అంతా బయటపడింది. అతను పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. "తుఫాను ఊలు అల్లుతున్నాడా! రేపు డిపోలో మైకులో చెప్పిస్తా!"

"చెప్పావో, ఈ సూదితోనే నీ నోరు కుట్టేస్తా."

మెట్టు దగ్గర అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీ తాగి వెళ్ళబోతూ కండక్టరు గుమ్మంలో తచ్చాడాడు. "మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయన్నా. చిన్న టోపీ ఏదైనా... అల్లుతావా? ఎవరల్లారో నేనెవరికీ చెప్పన్లే."

అప్పుడు నేర్చుకోక తప్పలేదు తుఫానుకి, గుండ్రంగా అల్లడం. మొదటి టోపీ నిమ్మకాయకి సరిపోయింది. రెండోది గుమ్మడికాయకి. మూడోది పుట్టిన పిల్లకి సరిపోయిందని కండక్టరు కబురు పంపాడు. ఆ కబురు మోసుకొచ్చిన భార్యతో తుఫాను, "చెవుల దగ్గర బిగుతుగా ఉందేమో అడిగావా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు.

ఎండలు ముదిరాయి. దానిమ్మ ఎర్రగా పూసింది. మల్లెపందిరిలో, సరిగ్గా తుఫాను కుర్చీకి పైన, పికిలిపిట్టల జంట గూడు కట్టింది. అతను కాస్త కదిలితే చాలు, తల్లిపిట్ట బెదిరి ఎగిరిపోయేది. "గుడ్లు పెట్టినట్టుంది" అన్నాడు రహస్యంగా. కుర్చీ అక్కణ్ణుంచి తీసేయక తప్పలేదు. మధ్యాహ్నం పూట పెరట్లో ఇంకో నీడంటూ ఉన్నది వెనక గుమ్మం మెట్టు దగ్గరే. అది అత్తగారి చోటు.

అతను రాగానే అలవాటుగా ఆవిడ లేచింది.

"కూర్చోండి" అన్నాడు.

"పర్లేదు, మీరు కూర్చోండి."

"మీరు కూర్చుంటేనే నేను కూర్చుంటా."

ఎవరూ కూర్చోలేదు. రాని బస్సు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలా ఇద్దరూ నిలబడే ఆ పూట గూటి వంక చూస్తూ గడిపారు. మర్నాడు మెట్టుకి ఒక పక్కన పీట వేసి ఉంది. ఆవిడ మెట్టు మీదా, అతను పీట మీదా. పిల్లలు గూట్లోంచి నోళ్ళు తెరవడం, ఒకదాన్నొకటి తోసుకోవడం, ఒక తెల్లవారుజామున గూడు ఖాళీ అయిపోవడం, అన్నీ అక్కణ్ణుంచే చూశారు. ఆ రోజు ఇద్దరికీ చేతిలో పని సాగలేదు.

వేసవి చివర ఆవిడ సొరగింజలు నాటింది. తినడానికి కాదు, ముదరబెట్టి బుర్రలు చేయడానికి. గింజ మొలకెత్తి పందిరెక్కేసరికి వానలు వచ్చాయి. వానలతో పాటే అతనికి వైద్య పరీక్షకి పిలుపొచ్చింది.

బల్ల వెనకాల ముగ్గురు కూర్చున్నారు. చెయ్యెత్తమన్నారు, ఎత్తాడు. గుప్పిట బిగించమన్నారు, బిగించాడు. అల్లికతో వేళ్ళు చాలా మటుకు తిరిగాయని అతనికి ధీమాగా ఉంది. ఏదో పరికరం పట్టుకుని నొక్కమన్నారు. ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీసి, అనునయంగానే చెప్పాడు. "చాలా కోలుకున్నారు. కానీ బండి నిండా మనుషులుంటారు కదా. ఇక బస్సు వద్దు. డిపోలో కూర్చుని చేసే పని ఇస్తారు."

తుఫాను ఇంటికొచ్చి, సూదిని బుట్టలో పడేసి, మూత పెట్టి, గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజులు గడుస్తున్నా పెరట్లోకి రాలేదు. అత్తగారు టీ తెచ్చి గది ముందు పెట్టి వెళ్తే అది అక్కడే చల్లారిపోయేది. "అమ్మ అడుగుతోంది, మొగ్గ తొడిగిన సొరపాదు చూస్తారా అని" అని భార్య వచ్చి చెప్పేది. "తలనొప్పిగా ఉందని చెప్పు" అనేవాడు. మానేసిన కండక్టరు పని మళ్ళీ తన నెత్తిన పడేసరికి ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెల చప్పుడులో ఏడ్చేది.

వానలు నడుమకొచ్చాయి. ఒక మధ్యాహ్నం భార్య షాపులో ఉండగా ఆకాశం నల్లబడి, ఈదురుగాలి లేచింది. తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి. పెరట్లో ఏదో ఫెళ్ళున విరిగిన చప్పుడు. తర్వాత ఏదో ఈడ్చుతున్న చప్పుడు. తుఫాను లేచి కిటికీలోంచి చూశాడు.

సొరపందిరి రాట ఒకటి విరిగింది. కాయలతో బరువెక్కిన పందిరి ఒక పక్కకి కూలుతుంటే అత్తగారు దాని కింద దూరి, రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు ముఖానికి అంటుకుపోయింది. మోచేతులు వణుకుతున్నాయి. నోరు మాత్రం మెదపడం లేదు.

అతను చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. కుడి భుజం పందిరి కింద పెట్టి బరువందుకున్నాడు. "తాడు! తాడేదీ?"

"బట్టల తాడు తెగి ఎటో పోయింది!"

"నా బుట్ట! బుట్ట తెండి!"

ఆవిడ పరిగెత్తి బుట్ట తెచ్చింది. చుట్టలు చుట్టలుగా ఉన్న నీలం గొలుసు బయటికి లాగి మూడు పేటలు వేసింది. రాటనీ పందిరి కర్రనీ కలిపి దానిమ్మ మొదలుకి కట్టాలి. తుఫాను కుడి భుజం కదిపితే పందిరి పడుతుంది. గొలుసు కొస పట్టుకోవాల్సింది ఎడమ చెయ్యే.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నా."

"గట్టిగానా?"

"గట్టిగానే, అత్తయ్యా!"

ఆ వానలోనూ ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎనిమిదేళ్ళలో అతని నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. తర్వాత ముడి మీద ముడి వేసింది. వేళ్ళు తెల్లబడేదాకా అతను వదల్లేదు. పందిరి నిలబడింది.

చూరు కింద ఇద్దరూ తడిసి ముద్దై నిలబడ్డారు. "టైరు బిగించినట్టు బిగించింది ఇవాళ పనికొచ్చింది" అంది ఆవిడ రొప్పుతూ.

"నన్ను పిలవొచ్చు కదా! మీద పడుంటే?"

"పిలవడం అలవాటు తప్పింది బాబూ." ఆవిడ కొంగు పిండుకుంది. "మీ మామగారు పోయాక వచ్చాను కదా. ఈ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు. ముందుగది మీది. వంటిల్లు దానిది. అందుకని ఇటొచ్చాను. అప్పుడిదంతా పగిలిన పెంకులు, రాళ్ళు. చేతులకి ఏదో ఒక పనుండాలని పెంకులు ఏరాను. ఏడుస్తూనే ఏరాను. ఏరితే కాస్త మట్టి కనపడింది. మట్టి కనపడింది కదా అని ఒక గింజ వేశాను." చేతికంటిన మట్టిని చూరునీళ్ళలో కడుక్కుంది. "మీకు బస్సు పోయింది. తక్కువ నష్టమా అది! ఏడవద్దని నేననను. కానీ గదిలో ఎందుకు, ఇక్కడ కూర్చుని ఏడవండి. నేను అటు తిరిగి కూర్చుంటాను."

తుఫాను వానలో తడుస్తున్న పెరటి వంక చూశాడు. పెరట్లో గుట్టగా ఉన్న పెంకులు అతనికి గుర్తున్నాయి. అవి ఎటు పోయాయని ఒక్కనాడూ అడగలేదు. అదే మాట అన్నాడు.

"మీకు తీరికెక్కడిది, తుఫానుగారూ!" అంది ఆవిడ.

ఆ పేరు ఆవిడకి తెలుసని కూడా అతనికి తెలియదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముఖం తుడుచుకుని, "నేనొచ్చినప్పుడల్లా లేవడం మానేయండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

"సరే. మరి నేను పిలిస్తే మీరు లేవాలి."

వానలు వెనకబట్టాక తుఫాను డిపోలో చేరాడు. వచ్చే పోయే బస్సుల సంగతి మైకులో చెప్పే పని, మధ్యాహ్నం షిఫ్టు. మాటలో మిగిలిపోయిన కాస్త ముద్దతనానికి ప్రయాణికులే అలవాటుపడ్డారు. మొదటి రోజు తన పాత బండిని ఒక కుర్ర డ్రైవరు గేరు కీచుమనిపించి తీసుకెళ్తుంటే అతనికి ప్రాణం విలవిల్లాడింది. మైకు కట్టేసి, వెనక్కి వెళ్ళి, కాసేపు గోడకానుకుని నిలబడి వచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చాక మెట్టు మీద కూర్చుని ఆ సంగతంతా అత్తయ్యకి చెప్పాడు. మరుసటి వారం ఆ కుర్రాణ్ణి పిలిచి టీ ఇప్పించి, ఆ బండికి మూడో గేరు దగ్గర ఎలా బుజ్జగించాలో చెప్పాడు.

ఉదయాలన్నీ పెరట్లోనే. మళ్ళీ చలి వచ్చింది. తీగలు ఎండిపోయి, సొరకాయలు గట్టిపడి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. ఇద్దరూ వాటిని కోసి, పైపొట్టు గీకి, ఎండబెట్టి, కొన్నిటిని గిన్నెల్లా, కొన్నిటిని గరిటెల్లా చేశారు. ఒకదానికి తుఫాను గుండ్రని కన్నం చేసి పిట్టగూడుగా వేలాడదీశాడు. దాంట్లోకి ఇంతవరకూ చీమలు తప్ప ఎవరూ కాపురానికి రాలేదు. "అద్దెకివ్వబడునని బోర్డు పెట్టండి" అని అత్తయ్య రోజూ ఆటపట్టిస్తుంది.

భార్యకి ఇప్పుడు కొత్త ఫిర్యాదు. "మీ ఇద్దరి మధ్యా నా ఉద్యోగం ఊడింది" అంటుంది.

ఒక సెలవు రోజు ఆమె ఆలస్యంగా లేచి, కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వచ్చేసరికి వాళ్ళిద్దరూ దానిమ్మ కొమ్మ కత్తిరించాలా వద్దా అని వాదించుకుంటున్నారు. "ఊరికే నిలబడకు, ఇలా కూర్చుని చేతులు పెట్టు" అన్నాడు తుఫాను. మల్లెపందిరి పక్కన, లేత ఎండలో ఆమెని కూర్చోబెట్టి, రెండు మణికట్లకీ పసుపు రంగు ఊలు పోగుల చుట్టని తగిలించాడు. ఎదురుగా కూర్చుని, కొస పట్టుకుని ఉండ చుట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చేతిలో ఉండ, కుడిచేత్తో చుట్టు. ఆమె చేతులు అటూ ఇటూ ఊపుతూ దారం వదిలింది. ఈ మొక్కేంటి, ఆ పువ్వెప్పుడు పూసింది అని అడిగింది. కాసేపటికి ప్రశ్నలు ఆగాయి. దారం రావడం కూడా ఆగింది.

చూస్తే ఆమె గోడకి తలానించి నిద్రపోతోంది. చేతులు ఒళ్ళో వాలిపోయి ఉన్నాయి, మణికట్లకి ఊలు అలాగే ఉంది.

"లేపనా?" అంది అత్తయ్య గుసగుసగా. "మెడ పట్టేస్తుందేమో."

"వద్దొద్దు. వారమంతా నిలబడే పని. పడుకోనివ్వండి."

"మరి ఊలు?"

"ఉండనివ్వండి. ఎక్కడికీ పోదు."

సగం చుట్టిన ఉండని భార్య ఒళ్ళో పెట్టి, మెడ కింద తన తువ్వాలు మడత పెట్టి సర్దాడు. చెప్పులు అక్కడే విడిచి, వెనక తలుపు కిర్రుమనకుండా కాస్త పైకెత్తి తోసి, ముగ్గురికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.